ఎస్పీ-1200నా, ఎంపీసీనా? నా ఓటు పది సెకన్ల పెట్టెకే

“హిప్‌హాప్‌లో అన్నిటికన్నా గొప్ప డ్రమ్ శాంప్లర్ ఏది? ఎస్పీ-1200నా, ఎంపీసీనా, 808నా? హైదరాబాద్‌లో ఇప్పుడు బీట్స్ మొదలుపెట్టేవాడు ఏది కొంటే మంచిది?” అని కదా మీ ప్రశ్న. శాంప్లర్ అంటే బయటి శబ్దాన్ని రికార్డు చేసుకుని, బటన్ తడితే మోగించే పెట్టె. రెండో ముక్కకి చివర్లో వస్తాను. మొదటి ముక్కకి జవాబు ఎస్పీ-1200. ఇందులో బేరాల్లేవు.

రోలాండ్ కంపెనీ డ్రమ్ మెషీన్ 808ని ముందే పక్కన పెట్టేద్దాం. అది శాంప్లరే కాదు. బయటి శబ్దం ఒక్కటీ లోపలికి తీసుకోదు, దాని మోతంతా దాని సర్క్యూట్లలోనే పుడుతుంది. రోలాండ్ 1980లో తెచ్చింది, 1983కల్లా ఆపేసింది, మొత్తమ్మీద 12,000 దాకా తయారయ్యాయి. ఇవాళ ట్రాప్ అనే రకం హిప్‌హాప్ పాట పెడితే కారు డోర్లు వణికేది దాని కిక్ (బేస్ డ్రమ్ దెబ్బ) చలవే, కాదనను. కానీ మీరు పెట్టిన ఈ పరీక్షకి దానికి హాల్ టికెట్ రాదు. ఎవరైనా 808ని శాంప్లర్ల లిస్టులో పెట్టారంటే వాళ్లు ఆ పెట్టెని ముట్టుకోలేదని అర్థం.

నేను బీట్‌మేకర్‌ని కాదు. ఖమ్మంలో ఒక ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రానిక్ ప్యాడ్స్ వాయించేవాణ్ణి. పెళ్లి రిసెప్షన్లు, వినాయక చవితి పందిళ్లు, కాలేజీ ఫంక్షన్లు. రోలాండ్ ఎస్‌పీడీ-20ని స్టాండుకి బిగించి, రెండు పుల్లలతో అర్ధరాత్రి దాటేదాకా బాదుడు. తబలా మాస్టార్లు ప్యాడ్స్‌వాణ్ణి మనిషి కింద లెక్కేసేవాళ్లు కాదు. “తడితే మోగేదానికి విద్యేంట్రా” అనేవాళ్లు. రాత్రంతా చెమటోడ్చి వాయించినా తాంబూలం దగ్గర మాత్రం మాది చివరి వరస. న్యూయార్క్‌లో శాంప్లర్లు పట్టుకున్న కుర్రాళ్లు కూడా బ్యాండ్లలో వాయించేవాళ్ల దగ్గర ఇవే మాటలు పడ్డారని తర్వాతెప్పుడో తెలిసింది. అప్పట్నుంచీ ఈ పెట్టెలంటే నాకు బంధుప్రీతి. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగం తెచ్చి నన్ను డెట్రాయిట్ శివార్లలో పడేసింది.

డెట్రాయిట్‌లో కూర్చుని ఎస్పీ-1200 అనడానికి గుండె ధైర్యం కావాలి. ఇది ఎంపీసీతో పేరు తెచ్చుకున్న బీట్‌మేకర్ జె డిల్లా ఊరు. కాబట్టి ఎంపీసీ తరఫు వాదన కూడా నేనే చెప్పేస్తాను, లేకపోతే నన్ను ఉతికి ఆరేస్తారు.

ఎంపీసీ వెనకున్న మనిషి రోజర్ లిన్. 1980లో ఆయన తెచ్చిన ఎల్‌ఎమ్-1, అసలు డ్రమ్స్‌ని రికార్డు చేసి చిప్పుల్లో పెట్టుకున్న మొదటి డ్రమ్ మెషీన్. స్వింగ్ అనే సదుపాయం కూడా అందులోనే వచ్చింది. ఆయన సొంత కంపెనీ 1986లో మూతపడితే, జపాన్ నుంచి అకాయ్ వచ్చి చెయ్యి కలిపింది. 1988లో ఎంపీసీ60 వచ్చింది. ధర దాదాపు 5,000 డాలర్లు. నాలుగు వరసల్లో పదహారు రబ్బరు ప్యాడ్లు, 12 బిట్లు, 40 కిలోహెర్ట్జ్ (శబ్దాన్ని ఎంత సన్నగా, సెకనుకి ఎన్ని వేలసార్లు కొలుస్తుందో చెప్పే లెక్కలు), శాంప్లింగ్‌కి 13 సెకన్లు. గ్యాంగ్ స్టార్ అనే ర్యాప్ జంట పాటల వెనకాల డీజే ప్రీమియర్ చేతుల కింద ఉన్నది ఎంపీసీ60యే. 1996లో డీజే షాడో తన మొదటి ఆల్బమ్‌ని దాదాపుగా దానిమీదే కట్టాడు.

స్వింగ్ సంగతి మనకి సులువుగా అర్థమవుతుంది. నోటితో తకధిమి అనండి. నాలుగూ సమానంగా పడితే అది 50 శాతం. ఇప్పుడు “క”నీ “మి”నీ కాస్త ఆలస్యంగా వదలండి. “త”, “ధి” మాత్రం ఎక్కడివక్కడే ఉండాలి. ఆలస్యాన్ని పెంచుకుంటూ పోతే 66 దగ్గర తిశ్రంలోకి ఒరిగిపోతుంది, తకిటలో “కి” మింగేసినట్టు. ఎంపీసీలో 75 దాకా లాగొచ్చు. అసలు మజా అంతా 54కీ 60కీ మధ్య ఉంటుంది. చెవికి ఆలస్యమని తెలీదు, మెడ మాత్రం ఊగుతుంది. మా ఆర్కెస్ట్రాలో ఢోలక్ వాయించే పెద్దాయన ఏ నాబూ తిప్పకుండా ఈ పనే చేసేవాడు. దాన్ని “నడక” అనేవాడు. నడక రానివాడి పక్కన కూర్చోనని స్టేజి మీదే లేచిపోయిన మనిషి.

ఎంపీసీ అభిమానులు చివర్లో తీసే బ్రహ్మాస్త్రం మ్యూజియం. డిల్లా ఎంపీసీ3000 వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వాళ్ల ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియంలో ఉంది. వాళ్లమ్మగారు మోరీన్ యాన్సీ ఇచ్చారు. నిజమే, గొప్పే. కానీ అక్కడ అద్దాల వెనక పెట్టి గౌరవించింది డిల్లా చేతుల్ని. కోనంట్ గార్డెన్స్ అనే పేటలో, యాంప్ ఫిడ్లర్ అనే సంగీతకారుడి ఇంట్లో ఎంపీసీ60 మీద నేర్చుకున్న కుర్రాడు, 2006లో 32 ఏళ్లకే పోయేలోపు, తాళాన్ని జనం వినే తీరే మార్చేశాడు. క్వాంటైజ్ (దెబ్బల్ని సరిగ్గా లెక్క గడిమీదికి జరిపే సదుపాయం) ఆపేసి వాయించాడంతే అనేవాళ్ల మాట పట్టించుకోకండి. ఒకే బీట్‌లో ఒక శబ్దాన్ని గడిమీద ఉంచి, ఇంకోదాన్ని వెనక్కి లాగి, స్నేర్‌ని (గలగలలాడే చిన్న డ్రమ్ని) కాస్త ముందుకి తోసేవాడు. అది పెట్టెతో రాలేదు. పెట్టె గొప్పదే అయితే ఎంపీసీ3000 కొన్నవాడల్లా డిల్లా అయ్యుండేవాడు. ఈ చుట్టుపక్కల అలా కొన్నవాళ్లని నేను చాలామందినే చూశాను. ఒక్కడూ అవ్వలేదు.

ఎస్పీ-1200 అలా కాదు. చేతకానివాడు వాయించినా రెండు దెబ్బల్లో ఇది ఎస్పీ అని చెప్పొచ్చు. ఏది లోపలికి పంపినా దాని ముద్ర వేసే బయటికి పంపుతుంది.

ఈ-మ్యూ కంపెనీ దాన్ని 1987లో తెచ్చింది, డేవ్ రాసమ్ డిజైన్. పది సెకన్లు, అంతే దాని జ్ఞాపకశక్తి. అదీ ఒక్క ముక్కగా ఇవ్వదు, ఒక శాంపిల్ 2.5 సెకన్లకి మించకూడదు. 26.04 కిలోహెర్ట్జ్‌లో తీసుకుంటుంది కాబట్టి అందులో సగానికి, అంటే 13 కిలోహెర్ట్జ్‌కి పైన ఉన్న మెరుపంతా పోతుంది. నిమిషానికి 90 దెబ్బల వేగంలో ఒక బార్ (నాలుగు దెబ్బల ఆవర్తం) 2.67 సెకన్లు. అంటే ఆ వేగంలో ఒక శాంపిల్లో ఒక్క బార్ కూడా పూర్తిగా పట్టదు. పట్టకపోవడమే దాని అదృష్టం. ఎందుకో నేను కళ్లారా చూశాను.

మా ఆఫీసులో పరిచయమైన ఒకాయన, కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన వాళ్ల అన్నగారింటికి నన్ను తీసుకెళ్లాడు. నల్లజాతి కుటుంబం, డెట్రాయిట్‌లో ఎప్పట్నుంచో ఉంటున్నారు. బేస్‌మెంట్‌లో గోడంతా రికార్డులు. ఒక మూల వాషింగ్ మెషీన్, దాని పక్కన బల్ల మీద గుడ్డ కప్పిన ఎస్పీ-1200. గుడ్డ తీస్తుంటే నేను చెప్పులు విప్పబోయాను, అలవాటు కొద్దీ. బూడిదరంగు పెట్టె, కింద ఎనిమిది బటన్లు, పైన ఎనిమిది స్లైడర్లు, రెండు లైన్ల చిన్న తెర. ఫ్లాపీ పెడితే గరగరమని గొణిగి, కాసేపటికి రెడీ అంది.

ఆయన ఒక ఫంక్ ఎల్పీ తీసి టర్న్‌టేబుల్ మీద పెట్టాడు. డ్రమ్స్ ఒంటరిగా వచ్చే చోటుకి సూది దించి, నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన రికార్డుని 45కి మార్చాడు. పాట చీమల పెళ్లిలా పరిగెత్తింది. 2.67 సెకన్ల బార్ కాస్తా రెండు సెకన్లలోపు అయిపోయింది, పెట్టెలో హాయిగా పట్టేసింది. తర్వాత ట్యూన్ మోడ్‌లో స్లైడర్ కిందికి లాగాడు, ఐదు సెమీటోన్లు (శ్రుతిలో ఐదు అర మెట్లు). వేగం మళ్లీ మొదటికొచ్చింది. వచ్చిన శబ్దం మాత్రం రికార్డులో విన్నది కాదు. స్నేర్ చుట్టూ ఇసుక రాలుతున్నట్టు ఒక గరుకు, కిక్ లావెక్కింది, హైహ్యాట్ తాళాల చివర సన్నగా ఇత్తడి మోత. ఈ పెట్టె శ్రుతి దించేటప్పుడు శాంపిళ్ల మధ్య ఖాళీని నునుపు చెయ్యదు, ఉన్నదాన్నే మళ్లీ చదువుతుంది. ఆ మొరటుతనానికి పుట్టిందే ఆ మోత. ఐదు సెమీటోన్లు దించితే లెక్క సరిగ్గా కుదరదు, శ్రుతి వెంట్రుకవాసి పైన ఉంటుంది. డ్రమ్స్‌కి ఎవడడిగాడు? అదే శాక్సోఫోన్ అయితే మిగతా వాయిద్యాలతో కాస్త శ్రుతి కలవదు. తొంభైల మొదటి పాటల్లో వినపడే ఆ చిరాకు తీపికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం.

చోటు చాలక, బార్‌ని ముక్కలు కొట్టి కిక్ ఒక బటన్‌కి, స్నేర్ ఒక బటన్‌కి పెట్టుకున్నారు. ముక్కలయ్యాక వాటిని వేరే వరసలో పేర్చొచ్చని తెలిసింది. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో బీట్‌మేకర్ మార్లీ మార్ల్ ఈ దారి వేస్తే, ఆ ఊరి పక్కనే మౌంట్ వెర్నన్‌లో పీట్ రాక్ దానిమీద మేడలు కట్టాడు. పబ్లిక్ ఎనిమీ అనే ర్యాప్ గ్రూపు వెనకున్న బీట్‌మేకర్ల బృందం బాంబ్ స్క్వాడ్ దీనితో ఊరిమీద పడ్డట్టు మోత తీసింది. బేస్ కావాలంటే ఇంకో కిటుకు ఉంది. వెనకాల ఎనిమిది అవుట్‌పుట్లలో మొదటి రెండింటికి ప్రత్యేకమైన ఫిల్టర్ ఉంటుంది. పాట ముక్కని అందులోంచి పంపితే పైదంతా రాలిపోయి అడుగు మాత్రమే మిగులుతుంది. బేస్ గిటార్ వాయించేవాడు అక్కర్లేదు.

ఆయన నన్ను వాయించమన్నాడు. బటన్లు గట్టివి, మా ఎస్‌పీడీ-20 ముందు ఇవి రాళ్లు. నా ఫోన్‌లో మా బాబాయి కొడుకు పెళ్లి బరాత్ రికార్డింగ్ ఉంది, డప్పులు. హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి వైరు లాగి ఆ పెట్టెలోకి పంపాం. రెండు సెకన్ల తీన్మార్. మల్టీ-పిచ్ నొక్కితే ఆ రెండు సెకన్లే ఎనిమిది బటన్ల మీద ఎనిమిది శ్రుతుల్లో పరుచుకున్నాయి. అన్నిటికన్నా కింది బటన్ కొట్టాను. చిర్ర దెబ్బ నేలలోంచి వచ్చినట్టు పడింది. చిటికెన పుల్ల చప్పుడు మామూలుగా టిక్కుమంటుంది కదా, అది సాగి రేకు మీద వాన చినుకైంది. మంటకి బాగా కాచిన డప్పు అది, చర్మం బిగుతు ఆ పన్నెండు బిట్లలోంచి కూడా తెలుస్తోంది. వాషింగ్ మెషీన్ మీద పెట్టిన సబ్బు డబ్బా అదిరి కిందపడింది.

ఆయన రెండుసార్లు మళ్లీ కొట్టించుకుని విన్నాడు. విని, “ఎవరీ డ్రమ్మర్?” అని అడిగాడు.

ఏం చెప్పను? బరాత్‌లో డప్పు కొట్టినాయన పేరు మన దగ్గర ఎవరు అడుగుతారు? వీడియోవాడి పేరు కార్డు మీద ఉంటుంది, క్యాటరింగ్‌వాడి ఫోన్ నంబరు ఫ్లెక్సీ మీద ఉంటుంది, డప్పువాళ్లు మాత్రం “డప్పులు” అంతే. బిల్లులో కూడా “డప్పులు, ఆరు” అని రాస్తారు. ఆయనకి అదే చెప్పాను. ఆయనేం ఆశ్చర్యపోలేదు. ఇప్పుడు మనం ముక్కలు కోసిన రికార్డు మీద కూడా డ్రమ్మర్ పేరు లేదు చూడు అని కవర్ తిప్పి చూపించాడు.

నిజానికి ఈ జవాబు రాయడానికి కూర్చున్నది ఇందుకే. ఎస్పీనా ఎంపీసీనా అని జుట్లు పట్టుకుంటాం కానీ, ఆ పెట్టెల్లోకి వెళ్లిన చేతుల గురించి ఎవడూ కొట్టుకోడు. క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ అనే మనిషి అమెరికన్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ బ్యాండులో డ్రమ్మర్. 1970లో విడుదలైన “ఫంకీ డ్రమ్మర్”లో ఆయన వాయించిన కొన్ని బార్లు హిప్‌హాప్‌లో ఎన్ని పాటల్లో తిరిగాయో లెక్కలేదు. పాట హక్కులు బ్రౌన్‌వి, స్టబుల్‌ఫీల్డ్‌కి ఆ రోజు కూలీ తప్ప దాదాపు ఏమీ రాలేదు. ఆయన క్యాన్సర్ బిల్లులు గాయకుడు ప్రిన్స్ చెప్పాపెట్టకుండా కట్టాడని, ప్రిన్స్ పోయాక స్టబుల్‌ఫీల్డే బయటపెట్టాడు. 2017లో ఆయనా పోయాడు. ఇంకొకాయన గ్రెగరీ కోల్‌మన్. 1969లో విన్‌స్టన్స్ బ్యాండు “ఆమెన్, బ్రదర్”లో నాలుగు బార్లు ఒంటరిగా వాయించాడు. హిప్‌హాప్‌తో మొదలై ఇంగ్లండ్‌లో జంగిల్ అనే సంగీతం చాలావరకు దానిమీదే నిలబడింది. కోల్‌మన్ 2006లో ఇల్లూ వాకిలీ లేకుండా పోయాడు.

కోర్టులు వచ్చి న్యాయం చేశాయి కదా అనకండి. 1991లో గాయకుడు గిల్బర్ట్ ఓసల్లివన్ పాట ముక్క వాడుకున్నాడని ర్యాపర్ బిజ్ మార్కీ మీద వేసిన కేసులో న్యూయార్క్ జడ్జి “దొంగిలించకూడదు” అనే బైబిల్ ఆజ్ఞతో తీర్పు మొదలుపెట్టాడు. అప్పట్నుంచి ప్రతి ముక్కకీ అనుమతి, ప్రతి అనుమతికీ డబ్బు. ఆ డబ్బు వెళ్లేది పాట రాసినవాడికీ, రికార్డు హక్కుదారుకీ. దరువు వాయించినవాడు మామూలుగా రాసినవాడి కింద లెక్కలోకి రాడు. రాగానికి హక్కుంది, లయకి దాదాపు లేనట్టే. ఈ చట్టం రాసినవాళ్లకి డ్రమ్స్ వినపడవనుకుంటా.

మన దగ్గర ఇంకా అన్యాయం. ఆర్కెస్ట్రా ఫీల్డులో ఉన్నవాళ్లకి తెలుసు, “తీన్మార్ టోన్స్”, “ఒరిజినల్ డప్పు టోన్స్” అని పెన్‌డ్రైవుల్లో, వాట్సాప్‌లో అమ్ముతారు. కీబోర్డుకి వేరే రేటు, ప్యాడ్‌కి వేరే రేటు. ఒకడు వెయ్యికి కొని పదిమందికి రెండొందల చొప్పున అమ్ముకుంటాడు. పైగా వాయిస్‌లో తన పేరు చెప్పించి వాటర్‌మార్క్ పెట్టుకుంటాడు, దొంగతనం జరక్కుండా! ఆ డప్పు ఎవరిది, ఏ ఊరాయన కొట్టాడు, రికార్డింగ్ రోజు ఆయనకి భోజనమైనా పెట్టారా, ఏ ఫోల్డర్లోనూ ఉండదు. ఆ టోన్ ఇప్పుడు ఊరూరా మోగుతోంది. ప్యాడ్ ఉంటే ఆరుగురు డప్పువాళ్లు దేనికని బేరమాడే పెళ్లివాళ్లని నేనే చూశాను. డప్పు చప్పుడే డప్పువాడి కూలికి అడ్డం పడుతోంది. ఆ ప్యాడ్ వాయించి పారితోషికం తీసుకున్నవాణ్ణి నేనే కాబట్టి ఇది నాకు బాగా తెలుసు.

సరే, మళ్లీ పెట్టెల దగ్గరికి. కంప్యూటర్లో వాడే ప్లగిన్లు (సాఫ్ట్‌వేర్ వాయిద్యాలు) అమ్మేవాళ్లు “12-బిట్” అని ఒక బటన్ పెట్టి అది నొక్కితే ఎస్పీ-1200 అయిపోతుందంటారు. గరుకు వస్తుంది, కాదనను. కంప్యూటర్లో నాలుగు గంటల పాట పట్టే చోటు ఉన్నప్పుడు ఎవడు రికార్డుని 45లో తిప్పుతాడు, ఎవడు ముక్కలు కోస్తాడు? ఆ ఇబ్బంది అమ్మడం ఎవరివల్లా కాదు. డేవ్ రాసమ్ స్వయంగా 2021లో ఎస్పీ-1200ని మళ్లీ తయారుచేశాడు. అందులో పది సెకన్లని ఇరవై చేశాడు. సృష్టికర్త ఆయన, ఆయనిష్టం. నాకైతే ఆ అదనపు పది సెకన్లు ఎక్కువే అనిపించింది. అప్పట్లో దాని ధర దాదాపు 4,000 డాలర్లు. పాతవాటి ధరలు అంతకన్నా ఘోరం. అవి కొనేవాళ్లలో సగంమంది గోడమీద లైటింగ్ పెట్టి ఫొటో తీసుకునేవాళ్లే, ఒక్క బీటూ బయటికి రాదు.

ఇక మీరు ఏది కొనాలనే ముక్క. ఎస్పీ-1200 వద్దు. రిపేర్ చేసేవాడు దొరకడు, ఆ డబ్బుతో అమీర్‌పేటలో ఏడాది అద్దె కట్టుకోవచ్చు. కొత్తది కావాలంటే రోలాండ్ ఎస్పీ-404 మార్క్ టూ తీసుకోండి. పేరులో ఎస్పీ ఉంది కదా అని ఎస్పీ-1200కి చుట్టం కాదు, కంపెనీ వేరు, వంశం వేరు. బ్యాటరీల మీద నడుస్తుంది, యూఎస్‌బీ-సీ మీదా నడుస్తుంది, కరెంటు పోయినా పనాగదు. ఒక్కో శాంపిల్ పదహారు నిమిషాలు పడుతుంది, మీరు మాత్రం రెండున్నర సెకన్లకి మించి తీసుకోకండి.

పాతదే కావాలని మనసు లాగితే ఎంపీసీ2000ఎక్స్‌ఎల్ చూడండి. అమెరికా నుంచి వచ్చే చుట్టాలెవరితోనైనా తెప్పించుకుంటే, పెట్టె వెనకాల ఎన్ని వోల్ట్‌లని రాసుందో ముందే ఫొటో పెట్టించుకోండి. 120 అని ఉంటే మన కరెంటుకి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్లగ్ దగ్గరికి కూడా వెళ్లొద్దు. ఫ్లాపీ డ్రైవ్ చచ్చిపోయి ఉంటే బాధపడకండి, దాని స్థానంలో పెన్‌డ్రైవ్ తీసుకునే ఎమ్యులేటర్లు చవగ్గానే దొరుకుతాయి. తెర మసకబారినా మార్చుకోవచ్చు. ప్యాడ్లు గట్టిపడి ఉంటే మాత్రం బేరంలో గట్టిగా తగ్గించండి. అమ్మేవాడు పదహారు ప్యాడ్లూ ఒక్కొక్కటే కొట్టి, మెత్తగా కొట్టినప్పుడూ గట్టిగా కొట్టినప్పుడూ తేడా వినిపించే వీడియో పంపేదాకా ఫోన్‌పే తెరవకండి.